ప్రాచీన ఐగుప్తు రైతుల నిత్యజీవనము – మన పాటిదిబ్బల విలువ



పురాతన వస్తువులు, శాసనములు, సమాధులు అనగానే ఇవి పండితుల పనియనియు, పొలము దున్నుకొను మనకు వీనితో ప్రసక్తి లేదనియు మనలో పెక్కుమంది తలంచుచుందురు. ఈ తలంపు సరియైనది కాదు. నాలుగువేల యేండ్లనాటి ఐగుప్తు దేశమున, అనగా నేటి ఈజిప్టున, రైతు ఎట్లు దున్నెను, ఏమి తినెను, ధాన్యమును ఎట్లు కొలిచెను అను సంగతులు నేడు మనకు తెలియుచున్నవి. అట్లు తెలియుటకు కారణము రాజుల బంగారము కాదు. పల్లెల మట్టి, పెంటదిబ్బలు, చిట్టాలు, ఉత్తరములు. అట్టి మట్టి మన పొలముల ప్రక్కనను కలదు. దానిని మనమే బండ్లకెత్తి చెరిపివేయుచున్నాము. కావున ఈ విషయము మనకు సంబంధించినదే.

నగరములోని ఐగుప్తు యువతి

ఐగుప్తునకు పోకుండగనే ఆ దేశపు పురాతన శవమును చూడగోరువారికి హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని తెలంగాణ రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలయందు ఆ యవకాశము కలదు. అచ్చట 'మమ్మీ' అనబడు ఒక యువతి శవము భద్రపరుపబడి యున్నది. ఆమెను నైషు అను పేరుతో పిలుచుచున్నారు. ఆరవ నిజాము అల్లుడగు నజీర్ నవాజ్ జంగ్ దీనిని కొని తెప్పించి ఏడవ నిజామగు మీర్ ఉస్మాన్ అలీఖానునకు సమర్పించెను. నిజాము 1930లో దానిని ప్రదర్శనశాలకు ఇచ్చెను. ఆమె మరణించి రెండువేల యేండ్లు దాటినది.

ఐగుప్తువారు చనిపోయినవారి దేహమునుండి ప్రేగులు మున్నగు లోపలి భాగములను తీసివేసి, నేట్రను అను సహజమగు ఉప్పులో కప్పియుంచి, తేమ యంతయు పోయిన పిమ్మట మైనము, గుగ్గిలము వంటి పదార్థములు పూసి, నారబట్టలతో చుట్టెడివారు. తేమ లేనిచోట కుళ్లు పుట్టదు. ఎండబెట్టిన మిరపకాయయు, ఉప్పులో నూరిన చేపయు ఏల నిలుచుచున్నవో మనకు తెలియును గదా! ఇదియు అదియే సూత్రము.

కాని ఎడారిలో రెండువేల యేండ్లు నిలిచిన దేహము మన వానకాలపు గాలిలో నిలుచుట కష్టము. దానికి క్షయము కలుగుచుండుటచే 2016 ప్రాంతమున గాలి చొరని పెట్టెలో నత్రజని వాయువును నింపి అందు భద్రపరచిరి. ప్రాణవాయువు లేనిచోట పురుగు బ్రతుకదు, బూజు పెరుగదు. మన పెద్దలు జొన్నలను పాతరలో పోసి, పైన గడ్డి పరచి, మట్టితో మెత్తి మూయుటలోని కిటుకును ఇదియే. పాతరలోని గింజలు, పురుగులు ఉన్న ప్రాణవాయువును వాడుకొనిన పిమ్మట పురుగు నశించును. క్రొత్తగా తెరచిన పాతరలో వెంటనే దిగరాదని పెద్దలు హెచ్చరించుటకును ఇదియే కారణము.

నీలనది ఇచ్చిన సేద్యము

ఐగుప్తున వాన మిక్కిలి తక్కువ. ఆ దేశమునకు జీవనాధారము నీలనది. దక్షిణమున ఇథియోపియా కొండలలో కురిసిన వానలచే ఈ నది జూను, జులై మాసములలో పొంగనారంభించి, సెప్టెంబరునాటికి నిండుగా పారి, పిదప తగ్గిపోయెడిది. పోవుచు పోవుచు పొలములపై నల్లని ఒండ్రును విడిచెడిది. కావున వారు సంవత్సరమును మూడు కాలములుగా విభజించుకొనిరి. మొదటిది వరద కాలము. రెండవది నీరు తీసి పైరు మొలచు కాలము. మూడవది కోతల కాలము. ఒక్కొక్కటి నాలుగు మాసములు.

వరదనీటిని వృథాగా పోనీయక, పొలములచుట్టు గట్లు వేసి పెద్ద పెద్ద మడులుగా చేసి, అందులో నీటిని నలువది మొదలు అరువది దినములు నిలువగట్టి, నేల బాగుగ నానిన తరువాత దిగువ మడిలోనికి విడిచెడివారు. ఒక గ్రామమువారు గట్టును అశ్రద్ధ చేసినచో దిగువ గ్రామమునకు నష్టము. చెరువు క్రింద వ్యవసాయము చేయు మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

నది ఎంత ఎత్తు లేచెనో కొలుచుటకు రాతిమెట్లపై గీతలు చెక్కి కొలమానములు ఏర్పరచిరి. నేటి ఆస్వాను దగ్గరి ఎలిఫెంటైన్ ద్వీపమున ఇట్టిది నేటికిని కలదు. వరద తక్కువైనచో కరవు. మిక్కుటమైనచో గట్లు తెగి ఊళ్లు మునుగుట. నదిమట్టమును చూచి ఆ యేటి పంటను, దానినిబట్టి పన్నును అంచనా వేయుచుండిరి. ఈ వరద నేడు లేదు. ఆస్వాను వద్ద కట్టిన ఉన్నత ఆనకట్ట 1970లో పూర్తియైనది. నాటినుండి పొలములకు నీరు కాలువల ద్వారా వచ్చుచున్నది, కాని ఆ యొండ్రు ఆనకట్ట వెనుకనే నిలిచిపోవుచున్నది.

ఎత్తు నేలలకు, తోటలకు నీరు తోడుటకు వారు వాడిన సాధనము అచ్చముగా మన ఏతమే. నిలువు స్తంభము, దానిపై అడ్డముగా పొడవైన వాసము, ఒక కొన బాన, మరియొక కొన బరువు. మూడువేల యేండ్లకు పైబడిన సమాధుల గోడలపై ఇట్టి ఏతముల చిత్రములు వ్రాయబడి యున్నవి.

పంట, కళ్లము, కూడు

వారి ముఖ్యమైన పంటలు యవలు, గోదుమలలో ఒక పాత రకము, బట్టలకై అవిసె. ఉల్లి, వెల్లుల్లి, మసూరు పప్పు, దోస జాతులు, ఖర్జూరములు కూడ ఉండెడివి. వరి, చెరకు, మిరప వారికి తెలియవు. ఫారోల కాలమున సామాన్యుడు కట్టినది నూలుబట్ట కాదు, అవిసె నారబట్ట.

సమాధుల గోడలపై చిత్రించిన వ్యవసాయపు పనులను చూచిన మన రైతునకు క్రొత్తదనము తోచదు. జత యెద్దులు కట్టిన కొయ్య నాగలి, దాని వెనుక విత్తనము వెదజల్లువాడు, విత్తనమును నేలలోనికి త్రొక్కించుటకు తోలిన గొఱ్ఱెలు, కొడవళ్లతో కోయువారు, వారి వెనుక పరిగె ఏరుకొను స్త్రీలు, కళ్లములో పశువులచే త్రొక్కించుట, గాలికి తూర్పారబట్టుట, ప్రక్కన కలము పట్టి కూర్చున్న లేఖకుడు – అన్నియు అందు కలవు. వారి ఇండ్లు గడ్డి కలిపి త్రొక్కిన మట్టితో చేసిన పచ్చి ఇటుకలవి.

వారి ఆహారము రొట్టె, యవలతో చేసిన పులియు పానీయము, ఉల్లిగడ్డ, ఎండుచేప. మాంసము పండుగలకే. పిండిని రాతితో విసరుటవలనను, ఎడారి గాలివలనను రొట్టెలో ఇసుక చేరెడిది. ఆనాటివారి శవములలో పండ్లు మిక్కిలి అరిగియుండుటకు ఇదియే కారణమని పరిశోధకులు కనుగొనిరి. రాజైనను, కూలియైనను ఇసుకరొట్టెనే నమలెను!

ఒక భూస్వామి ఉత్తరములు

1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ ఐగుప్తువారి చిత్రలిపిని చదువు మార్గమును కనుగొనినది మొదలు, ఆ జనుల మాట మనకు వినబడసాగెను. వానిలో రైతుకు మిక్కిలి చేరువయైనవి హెకానఖ్త్ అనువాని ఉత్తరములు. అమెరికావాడగు హెర్బర్ట్ విన్లాక్ 1921–22లో థీబ్సు నగరమున, దేర్ ఎల్ బహరీయొద్ద, ఒక సమాధిలో వీనిని కనుగొనెను. ఇవి క్రీ. పూ. 1950 ప్రాంతమునాటివి.

హెకానఖ్త్ రాజు కాడు. ఒక సమాధి అర్చకుడు, కొంత భూమి గలవాడు. పనిమీద దూరదేశమున నుండి, ఇంటి వ్యవహారము చూచు మెరిసు అనువానికి ఉత్తరములు వ్రాసెను. ఆ యేడు నీలనది వరద తక్కువ. కావున ఇంటిలోని ఒక్కొక్కరికి నెలకు ఎంత ధాన్యము ఇయ్యవలయునో పేరు పేరున జాబితా వ్రాసి పంపెను. కొలత తగ్గినదని గొణుగవద్దనియు, ఇతరులు ఇంతకంటె ఆకలితో నున్నారనియు మందలించెను. పొలములో పనిచేయువారికే ధాన్యము కొలువుమని ఆజ్ఞాపించెను. నీరు బాగుగ నెక్కు నేలనే కౌలుకు తీసికొనుమనియు, కౌలునకు బట్టయో ధాన్యమో ఎట్లు చెల్లింపవలయుననియు తెలిపెను. తనకు రావలసిన అప్పు ధాన్యమును వసూలుచేయుటకు, నల్లని తోలు తొడిగిన తన సొంత కొలపాత్రనే పంపితినని మరియొక ఉత్తరమున వ్రాసెను.

కుంచమునకు, మానికకు గల తగవులు ఎరిగిన మనకు ఈ తుది మాట నవ్వు పుట్టింపకమానదు. ఇచ్చునపుడొక కొలత, పుచ్చుకొనునపుడొక కొలత అను భయము నాలుగువేల యేండ్లనాటిదే. అందరి యెదుట ఒకే కొలత, అందరికి కనబడు చిట్టా అను సహకార నియమము ఏల పుట్టినదో ఈ ఒక్క ఉత్తరము తెలుపును.

ఈ విన్లాకే 1920లో మెకెట్రే అను ఉన్నతోద్యోగి సమాధిలో, మూయబడిన చిన్న గదియందు ఇరువది నాలుగు కొయ్యబొమ్మల సముదాయములను కనుగొనెను. పశువుల కొట్టము, రొట్టెల ఇల్లు, నేతగది, వడ్రంగిశాల, పడవలు, తోట అందు కలవు. ధాన్యపు కొట్టు బొమ్మలో లోపల కూలీలు బస్తాలు మోయుచుండగా, ద్వారముచెంత లేఖకులు లెక్క వ్రాయుచున్నారు. మరియొక బొమ్మలో పశువులను వరుసగా నడిపించి లెక్కించుచున్నారు. చనిపోయిన తరువాత కూడ కొట్టులో ధాన్యము తరుగరాదని వారి కోరిక. ఆ కోరికవలన మనకు వారి కొట్టమును, కళ్లమును కంటికి కనబడినవి.

కూలి ధాన్యమునకై సమ్మె

థీబ్సు నగరమునకు పశ్చిమమున దేర్ ఎల్ మెదీనా అను చిన్న ఊరు కలదు. రాజుల సమాధులను తొలిచిన శిల్పులు, చిత్రకారులు అచ్చట కాపురముండిరి. ఫ్రెంచివారగు బెర్నార్ బ్రుయేర్ 1922 మొదలు చాలకాలము అచ్చట త్రవ్వకములు జరిపెను. నీటికై త్రవ్వబడి నీరు పడని ఒక పెద్ద గోయి చెత్తతో నిండియుండెను. ఆ చెత్తలో వ్రాత గల రాతిపలుకలు, కుండపెంకులు వేలకొలది దొరకినవి. గాడిదను అద్దెకిచ్చిన ఒప్పందములు, అప్పులు, పనికి రానివారి పేర్లు, రాకపోవుటకు కారణములు – ఇట్టివన్నియు వానిపై కలవు.

వారికి నాణెములు లేవు, జీతము ధాన్యమే. సామాన్య పనివానికి నెలకు నాలుగు ఖార్ల గోదుమలు, ఒకటిన్నర ఖారు యవలు. మన లెక్కలో గోదుమలు సుమారు 300 లీటర్లు, యవలు సుమారు 115 లీటర్లు. మూడవ రామెసెస్ రాజు ఏలుబడి ఇరువదితొమ్మిదవ యేట, అనగా క్రీ. పూ. 1157 ప్రాంతమున, ఈ ధాన్యము సకాలమున అందలేదు. పనివారు పనిముట్లు విడిచి, ఊరు వెడలి, ఆలయములచెంత కూర్చుండి, ఆకలితో వచ్చితిమని అధికారులకు మొరపెట్టుకొనిరి. తుదకు బాకీ ధాన్యము వారికి కొలువబడెను. ఒక లేఖకుడు వ్రాసిన ఆ వృత్తాంతము నేడు ఇటలీ దేశమున టూరిను ప్రదర్శనశాలలో నున్నది. లోకమున వ్రాతమూలకముగా తెలిసిన సమ్మెలలో ఇదియే మొదటిది.

ఎరువుమట్టిలో పోయిన చరిత్ర

ఇంత చరిత్ర దొరకిన ఆ దేశముననే ఎంతయో చరిత్ర నశించినది. నశింపజేసినవారు దొంగలు మాత్రమే కారు, రైతులు కూడ. పాడుపడిన ప్రాచీన గ్రామముల దిబ్బలలోని మట్టి, కుళ్లిన ఇటుక, బూడిద, పెంట కలిసినదగుటచే మంచి ఎరువు. దానిని వారు 'సెబాఖ్' అందురు. గాడిదలపై నెత్తి పొలములకు తోలెడివారు. 1887లో అమర్నా అనుచోట ఇట్టి మట్టిని త్రవ్వుచున్న ఒక పల్లెటూరి స్త్రీకి మట్టిపలుకలు దొరకినవని చెప్పుదురు. అవి పరదేశపు రాజులు ఫారోలకు వ్రాసిన ఉత్తరములు! మొదట వానిని ఎవరును గుర్తింపలేదు. చేతులు మారి, పగిలి, కొన్ని పొడియైపోయినవి. సుమారు 380 మాత్రము నేడు మిగిలియున్నవి.

సోదరులారా, సెబాఖ్ అనగా మన పాటిమన్నే. మన తెలంగాణములో పాటిగడ్డ, పాటిదిబ్బ అని పిలుచు మెరకలన్నియు పూర్వము ఊళ్లున్న చోట్లు. పెద్దపల్లి ప్రాంతమున పెద్దబంకూరు, ధూళికట్ట. గోదావరి యొడ్డున కోటిలింగాల. సంగారెడ్డి జిల్లాలో కొండాపురము – ఇవి అట్టివే. 1914లో ఏర్పడిన నిజాము ప్రభుత్వపు పురావస్తు శాఖ 1940 తరువాత కొండాపురమున త్రవ్వించగా శాతవాహనులనాటి నాణెములు, పూసలు, మట్టిబొమ్మలు బయటపడెను. పెద్దబంకూరున ఇటుక బావులు, మట్టి ఒరల బావులు, నాణెములు దొరకినవి. కోటిలింగాలలో దిబ్బమీద దొరకిన నాణెములవలననే శాతవాహన చరిత్రలో కొన్ని క్రొత్త పుటలు తెరువబడినవి. రెండువేల యేండ్ల క్రిందట మన నేలపై రైతు ఏమి పండించెను, ఏ కొలతతో కొలిచెను, ఏ కుండలో వండెను అనుటకు సాక్ష్యము ఈ దిబ్బలలోనే కలదు. ఒక్క పంటకు ఎరువుగా తోలిన పాటిమన్ను తిరిగి రాదు.

దిల్‌సుఖ్‌నగర్ ప్రక్కనే ఒక శాసనము

దూరపు మాట యేల? దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములను మనము బస్సులు, అంగళ్ల తావుగనే ఎరుగుదుము. ఫలములు పండించువారికి గడ్డిఅన్నారపు పండ్ల మార్కెట్టువలన ఈ తావు చిరపరిచితము. ఆ మార్కెట్టు 2021లో బాటసింగారమునకు తరలిపోయినది. ఇండ్లు లేవకముందు ఇవియు సాగునేలలే. సరూర్‌నగర్ చెరువు దానికి గుర్తు.

ఈ యిండ్ల నడుమ, చైతన్యపురిలో, మూసీనది దక్షిణపు గట్టున, ఫణిగిరి కాలనీయొద్ద కోసగుండ్ల నరసింహస్వామి ఆలయము కలదు. ఆ గుట్ట బండపై ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఒక శాసనము చెక్కబడియున్నది. అది విష్ణుకుండి వంశపు గోవిందవర్మ కాలమునాటిది. ఇంచుమించు 5వ శతాబ్దమునకు చెందినది. ఆ రాజు పేర వెలసిన గోవిందరాజ విహారమను బౌద్ధ విహారము ప్రసక్తి అందు కలదు. చార్మినారునకు వేయి యేండ్లకు పైగా ముందే మూసీ గట్టున జనులు నివసించి, భిక్షువులను పోషించిరని ఈ బండ చెప్పుచున్నది. భిక్షువులను పోషించుటకు మిగులు ధాన్యము వలయును. మిగులు ధాన్యమునకు సేద్యము వలయును. ఆ సేద్యము చేసినవారి పేర్లు ఏ బండమీదను లేవు. వారి గుర్తులున్నచో, అవి మట్టిలోనే యుండవలయును.

మనము చేయదగినది

పొలము దున్నునపుడో, బావి, పునాది త్రవ్వునపుడో పాత కుండలు, పెద్ద ఇటుకలు, పూసలు, నాణెములు, వ్రాతగల రాయి కనబడినచో ఈ క్రింది నియమములు పాటించుట మేలు.

మొదటిది, వస్తువును పగులగొట్టవలదు, కడుగవలదు, చింతపండుతో తోమవలదు. రెండవది, వీలైనంతవరకు ఉన్నచోటనే యుంచి, ఏ పొలము, ఎంత లోతు, ప్రక్కన ఏమేమి ఉన్నవి అను సంగతులను కాగితముపై వ్రాసికొనవలయును. చోటు తెలియని నాణెము పేరులేని ఉత్తరము వంటిది. మూడవది, శాసనమున్న బండకు సున్నము, రంగు పూయరాదు. నాలుగవది, గ్రామ పంచాయతీకిని, తహసీలుదారు కార్యాలయమునకును, పురావస్తు శాఖకును తెలియజేయవలయును.

నిధి దొరకినదని చెప్పినచో పొలమే పోవునను భయము పల్లెలలో కలదు. 1878 నాటి భారత నిక్షేపనిధి చట్టము చెప్పునది వేరు. పది రూపాయల విలువకు మించిన నిధి దొరకినవాడు కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలయును. దానికి హక్కుదారు ఎవరును తేలనిచోట, దొరకినవానికి నాలుగింట మూడు వంతులు, నేల స్వంతదారునకు ఒక వంతు ఇయ్యవలయునని అందు విధింపబడినది. ప్రభుత్వమే దానిని తీసికొనదలచినచో వస్తువు విలువకు ఐదవ వంతు అదనముగా చేర్చి చెల్లింపవలయును. దాచినవాడే భాగము పోగొట్టుకొని శిక్షకు పాత్రుడగును.

ధాన్యము అమ్ముటకో, విత్తనములకో నగరమునకు వచ్చినపుడు సభ్యులు ఒక పూట మిగుల్చుకొనవలయునని కోరుచున్నాము. ఎల్.బి.నగర్‌లో మెట్రో రైలెక్కి అసెంబ్లీ స్టేషనులో దిగినచో పబ్లిక్ గార్డెన్సు చెంతనే యున్నది. బడికి పోవు పిల్లలను వెంటబెట్టుకొని పోయి ఆ ఐగుప్తు యువతిని చూపుడు. మరలివచ్చిన పిమ్మట మీ ఊరి పాటిదిబ్బను కూడ వారికి చూపి, దానిలో మన తాతముత్తాతల కళ్లము, కుండ, కొలపాత్ర ఉన్నవని చెప్పుడు. హెకానఖ్త్ లెక్క వ్రాసి యుంచెను గనుక నాలుగువేల యేండ్లకు అతడు మనతో మాటలాడినాడు. మనవారు వ్రాయలేదు, వారి పక్షమున మాటలాడునది ఆ మట్టి యొక్కటే.